ఆనప బుర్రల మాస్టారు

పోయిన సంతలో ఉప్పు కొంటుంటే జీపు డ్రైవరు వచ్చి, "తాతా, సైన్సు మాస్టారు పోయారంట," అన్నాడు. పట్నం ఆసుపత్రిలో పోయారట. పొట్లం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని బడివాళ్లు అడిగారు. నా చదువు అయిదో తరగతి. మాటలు అంతకన్నా తక్కువ. కానీ ఆయన దగ్గర నేనొక మాట దాచాను. అది చెప్పాలి.

మాది కొండ మీద ఊరు, మాస్టారిది కిందనున్న మైదానం. మా ఆశ్రమ పాఠశాలకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ముట్టుకుంటే పలికే వస్తువులు చెయ్యడం ఆయనకి పిచ్చి. విరిగిన చేట, పాత రేడియో, ఏదీ పారేయనిచ్చేవారు కాదు. ఒక ఏడాది గోడంత వెదురు చట్రం కట్టి, దానికి పన్నెండు ఆనప బుర్రలు వేలాడదీస్తానన్నారు. బుర్రలో చెయ్యి పెడితే లోపల నీడ పడుతుంది. నీడని పసిగట్టే బిళ్ల ఒకటి లోపల ఉంటుందట, నీడ పడగానే తిరగలిలో చోళ్లు విసిరే చప్పుడో, గెడ్డ పారే చప్పుడో వినిపిస్తుంది. ఎండిన బుర్రలు నేనిచ్చాను. అవి చట్రానికి పట్టి ఉండాలంటే వాటి మెడలకి చెక్క రింగులు విశాఖలో కోయించాలి. అక్కడ కంప్యూటరులో గీసింది గీసినట్టే కోసే మెషిన్ ఉందట.

గీసిన కాగితం ముందు నాకే చూపించారు. పన్నెండు రింగులూ ఒకే కొలత, గుండ్రంగా ఉన్నాయి. ఏ రెండు బుర్రల మెడా ఒకలా ఉండదు. చూడగానే నాకు తెలిసింది. "బాగుంది బాబూ," అన్నాను.

బడిలో ప్రదర్శన రేపనగా రింగులొచ్చాయి. కొన్ని పట్టలేదు, కొన్ని జారిపోయాయి. నేనిచ్చిన వాటిలో ఒకటి, మా ఇంట్లో అంబలి పోసుకునే బుర్ర, రింగులోంచి జారి కిందపడి పగిలింది. మాస్టారు నా మొహం చూశారు.

"ఏటి మావా, నీకు ముందే తెలుసా?"

"తెల్సు బాబూ."

"మరి సెప్పవేటి?"

"మెషినుకి తెలుసుననుకున్నాను."

ఆయన ముక్కలు ఏరుతూ, "నేను గీసిందే దానికి తెలుసు మావా. నాకు తెలీంది నీ దగ్గరుంది," అన్నారు.

ఇంటికొస్తే మా ఆడది, "నోరు కూడా ఆ బుర్రలోనే దాసీసినావేటి?" అంది.

మర్నాడు ఆఫీసర్లు వచ్చారు. ఉత్త చట్రం ముందు నిలబడి మాస్టారు, "కొలత తప్పు నాదే," అన్నారు. నేను వెనకే ఉన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

తరవాత పగిలినదాని బదులు ఇంకో బుర్ర తెచ్చాను. ఇద్దరం కూర్చుని ఒక్కో మెడకి మెత్తటి తీగ వంచి, ఆ వంపుని కాగితం మీద పెట్టి గీశాం. పన్నెండు బుర్రలకీ పన్నెండు రకాల రింగులొచ్చాయి. అన్నీ పట్టాయి. ఇప్పటికీ అవి బడి వరండాలో పలుకుతున్నాయి. పిల్లల చేతులు తగిలి తగిలి వాటి మూతులు నున్నబడ్డాయి.

అప్పటినుంచి నన్నడక్కుండా ఏ కాగితమూ పట్నం పంపలేదు. "ముందు నువ్వు సూడు, తరవాత మెషిన్ సూస్తాది," అనేవారు. నేను తలూపితే ఒప్పుకునేవారు కాదు. నోటితో చెప్పాల్సిందే.

జబ్బు చేసి పట్నం వెళ్లాక కూడా జీపులో ఒక కాగితం పంపారు. వెదురు గొట్టాలు గుచ్చడానికి కన్నాలున్న పలక బొమ్మ అది. గొట్టాన్ని తడితే మోగుతుంది. మూల పెన్సిలుతో రాశారు: "మావా, సరిపోద్దా?"

సరిపోదు. కణుపు దగ్గర వెదురు లావు. ఆ కన్నాల్లో దూరదు. చూసిన రోజే తెలిసింది. ఎలాగూ వస్తారు కదా, వచ్చాక చెబుదామని ఊరుకున్నాను.

నిన్న ఆ కాగితం అరుగు మీద పరిచి, మొదటి కన్నం మీద వెదురు ముక్క నిలబెట్టాను. కణుపు చుట్టూ పెన్సిలు తిప్పాను. ముక్క తీసేస్తే, ఆయన గీసిన సున్నా చుట్టూ నాది ఇంకొకటి, కొంచెం పెద్దది, కొంచెం వంకరది.