కామంచి మడిలో ఉమ్మెత్త

నవంబరు పద్నాలుగు, శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి విజయనగరంలో పాసింజరు ఎక్కాను. ముందురోజు కరుణమ్మ ఫోన్ చేసింది. ఒకప్పుడు ఇద్దరం ఒకే బడిలో పాఠాలు చెప్పాం, ఆమె తెలుగు, నేను వృక్షశాస్త్రం. ఇప్పుడామె శ్రీకూర్మం అవతల, సముద్రం ఒడ్డున తన సొంత పల్లెలో ఉంటోంది. పక్కింట్లో కిందటి సోమవారం కామంచి ఆకు కూర తిని ఎర్రమ్మకూ ఆమె కొడుక్కూ మతి తప్పిందట. నోరెండిపోయి, కొడుకు చేతిలో లేని వలను రెండు చేతులా లాగాడట. ఆస్పత్రిలో ఉండి బాగై వచ్చారు. కూర వండిన కోడలు లలిత మాత్రం కార్తీక సోమవారం ఉపవాసమని తినలేదు. దాంతో కావాలనే పెట్టిందని పల్లెలో మాట పుట్టింది.

“ఆదివారం పుట్టింటికి పోతానని సంచీ సర్దుకుంది. వెళ్తే మళ్లీ రాదు. నువ్వొచ్చి ఆ ఆకేదో తేల్చు” అంది కరుణమ్మ.

ఎనిమిదిలోపు ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం కాంప్లెక్సులో ఇడ్లీ తిని, శ్రీకూర్మం బస్సెక్కాను. ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చేతిలో పెట్టారు. పక్కన ఖాళీ గంపతో ఒక చేపలావిడ కూర్చుంది.

“సంచీనిండా పాత పేపర్లేటమ్మా?”

“మొక్కల్ని మధ్యలో పెట్టి ఎండబెడతాను.”

“ఎండేసి అమ్ముతావేటి?”

“దాచుకుంటాను.”

“మా సేపైతే ఎండేస్తే డబ్బులొస్తాది. నీ గడ్డి దాసుకుంటే ఏటొస్తాది తల్లీ” అని జాలిగా చూసింది.

శ్రీకూర్మం నుంచి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. పదిన్నరకు పల్లెలో ఉన్నాను. కరుణమ్మ చెప్పగా లలిత నన్ను పడవల వెనక బోరింగు నీళ్లు పారే చోటికి తీసుకెళ్లింది. ఎర్రమ్మ పిలవకుండానే వెనక వచ్చింది. కోడలికి పదడుగుల ఎడంగా నడిచింది.

ఉప్పుగాలి తగిలే ఇసుకలో అంత పచ్చని కామంచిని నేను చూడలేదు. మిరప పువ్వుకన్నా చిన్న తెల్లని పువ్వు, నడుమ పసుపు ముక్కు. ఒకే కాడకు గుత్తిగా వేలాడే కాయలు, పండితే నల్లపూసల్లా మెరుస్తాయి. పచ్చికాయ మాత్రం తినకూడదు. వంగ, మిరప, టమాటా దీని చుట్టాలే. మతి పోగొట్టే ఉమ్మెత్తా చుట్టమే.

ఆ మడి మధ్యలో నేలబారుగా తెగిన మోళ్లు కనిపించాయి. కొన్ని మళ్లీ చిగురించాయి. ఒక చిగురుకు ఆకు మొదలు ఒకపక్క ఎక్కువగా, ఒకపక్క తక్కువగా ఉంది. నలిపి వాసన చూశాను. కంపు. ఉమ్మెత్తే. పువ్వూ ముళ్లకాయా రాని లేత మొక్క కామంచి గుంపులో ఇట్టే కలిసిపోతుంది.

“మీరు ఇలా మొదలుకంటా కోస్తారా?” అని లలితను అడిగాను.

“మా పొందూరు కాడ సిగుళ్లే గిల్లుతాం టీచరమ్మా. పువ్వో కాయో ఉన్న కొమ్మే ముట్టుకుంటాం.”

“మరి ఆ రోజు?”

జవాబు వెనకనుంచి వచ్చింది.

“నానే కొడవలిచ్చినాను” అంది ఎర్రమ్మ. “గిల్లుకుంటా కూకుంటే పొద్దోతాదని తిట్టినాను. ఇక్కడ ఏ కూరైనా గుప్పిడేసి కోసీడమే. ఒసే పిల్లా, ఇన్నాళ్లూ నోరిప్పవేటి?”

“ఆస్పత్రి నుంచొచ్చిన మనిషిని పట్టుకుని, తప్పు నీదేనని ఏటి సెప్పమంటావత్తా.”

ఎర్రమ్మ నేరుగా బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకుంటున్న ఆడవాళ్ల మధ్యకు వెళ్లింది.

“ఒలే, ఇనండి. కోసింది కోడలే గాని కొడవలితో కోయించింది నాను. ఎవులైనా అనాలంటే నన్నే అనండి.”

ఒకావిడ బిందె దించింది.

లలిత కాయలున్న కొమ్మల చిగుళ్లే గిల్లి తెచ్చింది. నేను ఒక్కో రెమ్మా తిరగేసి చూశాను. పన్నెండున్నరకు కామంచి పప్పు దిగింది. ఎర్రమ్మ కొడుకు కంచం వెనక్కి జరుపుకున్నాడు.

“ముందు నాకెయ్యి” అంది ఎర్రమ్మ. నాలుగు ముద్దలు తిని, కొడుకు వైపు చూసింది. “ఉప్పు సాల్లేదు. ఇంకేటీ లేదు. తిను.”

నాలుగింటి బస్సుకు బయలుదేరాను. ఆ కామంచి మడి చూడదలచినవాళ్లు వానలు తగ్గాక వెళ్లండి. పువ్వు, కాయ చూడకుండా ఆకు తెంపకండి. ఆమదాలవలసలో రైలెక్కి కూర్చున్నాక కూడా నా మనసు ఆ బోరింగు దగ్గరే ఉంది. ఇన్నేళ్లు మొక్కల కోసం తిరిగాను గానీ, నలుగురిలో అంత సూటిగా తప్పు మీదేసుకున్న మనిషిని చూసింది తక్కువ. ఆ పిల్ల మౌనమూ చిన్నదేం కాదు.

చీపురుపల్లి దాటాక కరుణమ్మ ఫోన్ చేసింది.

“లలిత సంచీలో చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసుకుంది. గిల్లడం చేతకాదని ఇప్పుడు అత్తని వేళాకోళం చేస్తోంది.”