గంట మీద అరచెయ్యి

ఇరవయ్యేళ్ల కిందట, విజయనగరం కోట చూద్దామని అనకాపల్లిలో పాసింజరు ఎక్కేను. నా ఎదురుగా పూడిమడక నుంచి వచ్చిన చేపలమ్మే ఆవిడ, పక్కన ఎనిమిదేళ్ల కూతురు కూర్చున్నారు. పిల్లకి పుట్టుచెవుడట. విజయనగరంలో అలాంటి పిల్లల బడి ఉందని, అక్కడి హాస్టల్లో చేర్చడానికి తీసుకెళ్తోంది.

“ముందు ఊరు సూపించేత్తానమ్మా. సూసిన ఊరైతే బెంగెట్టుకోదు కదా. అక్కడ సూడ్డానికి ఏటేటున్నాయి?” అని అడిగింది.

కోట, గంటస్తంభం, పైడితల్లమ్మ గుడి అని చెప్పి, నాతోనే రమ్మన్నాను.

కోట చుట్టూ ఉన్న కందకాన్ని పిల్ల వంగి వంగి చూసింది. గంటస్తంభం దగ్గర కొనిచ్చిన జామకాయ తింది. తల్లి కొంగు మాత్రం ఒక్క క్షణమైనా వదల్లేదు. అది చూసి తల్లి మొహం చిన్నబోతూనే ఉంది.

గుడిలో ఎవరో గంట కొట్టి వెళ్లేరు. తల్లి గబుక్కున పిల్లని ఎత్తుకుని, దాని అరచేతిని ఇంకా మోగుతున్న గంటకి ఆనించింది. పిల్ల కళ్లు పెద్దవయ్యేయి. కొంగు వదిలేసి, రెండో చెయ్యి కూడా ఆనించి పకపకా నవ్వింది.

“ఉంటాదమ్మా, ఇంక ఇక్కడుంటాది,” అంటూ తల్లి కళ్లు తుడుచుకుంది.

మళ్లీ కొట్టమని పిల్ల నాకు సైగ చేసింది. కొట్టేను. అప్పుడు అది నా చెయ్యి లాగి గంట మీద పెట్టి, వినబడిందా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

వినబడిందని తలూపేను.