అవ్వ కాయ కొట్టిన చోటు

పునాదికి ముగ్గు పోసిన స్థలం నడిమధ్యలో నారాయణమ్మవ్వ కొబ్బరికాయ కొట్టినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ఆ పక్కనే నా పిల్లలిద్దరూ మెత్తటి మట్టిలో ఎగిరి దూకుతున్నారు.

అప్పట్లో నేను రాప్తాడు దగ్గర ఒక గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును. పిల్లల కోసం తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లకు పునాది గట్టి నేల మీద పడిందో లేదో చూసి, ఫోటో తీసి పైకి పంపడం నా పనుల్లో ఒకటి. ఆ ఫోటో వెళ్లకపోతే బిల్లు రాదు. హైవేని ఆనుకున్న వేరుశనగ చేలు అప్పటికే ప్లాట్లయిపోతున్నాయి. నారాయణమ్మవ్వ కొడుకు ఓబులేసన్న కూడా తన చేనును ప్లాట్లు వేసి అమ్ముతున్నాడు. ఈ ప్లాటు కొన్న సుజాత, ఆమె భర్త రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టి కూడబెట్టుకుని వచ్చినవాళ్లు.

మరునాడు వాళ్ల భూమిపూజ. అది ఈశాన్యం మూలన చేస్తారు. మరి నడుమ ఎందుకు కొట్టావని అవ్వను అడిగాను.

"అది వాళ్ల పూజమ్మా. ఇది నాది, గంగమ్మకి. ఏటా ఈడనే కొడతా."

ఎండిపోయిన బావికి కూడా ఏడాదికోసారి పసుపు కుంకుమ పెట్టి కాయ కొట్టే ఆడవాళ్లు మా వైపు ఉన్నారు. ఇక్కడా పూడ్చిన బావి ఉందేమోనని పిల్లల్ని రోడ్డు మీదికి పిలిచాను. జేసీబీ తెప్పించమని మేస్త్రికి చెప్పాను.

పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. అందుకే గరుసు, అంటే గట్టి కంకర నేల, తగిలేదాకా పునాది తవ్వాలి. మనిషి లోతు తీసినా గరుసు రాలేదు. ఎర్రమట్టి కింద ఇటుక ముక్కలు, గోతాలు, పాత టైర్లు వచ్చాయి. ఒక పక్క బావి రాతికట్టు బయటపడింది.

సంగతి తెలిసి ఓబులేసన్న బండి మీద వచ్చాడు. "ఏమ్మా, ఆ బాయి నా పెండ్లి నాటికే ఎండినాది. పూడ్చినాక నాలుగు వానలు గూడా పడినాయి. మట్టి కూచున్నాది."

మేస్త్రి నవ్వాడు. "నాలుగు వానలా? యాడ పడినాయన్నా అవి, బెంగళూరులోనా?"

ఓబులేసన్న నవ్వలేదు. "శెనక్కాయ ఏసి ఏసి మునిగినాం. ఇప్పుడు భూమికి ధర వచ్చినాది. బాయి మాట బయటికి పోతే పక్క ప్లాట్లు ఎవడు కొంటాడు? ఫోటో తీసుకోని పోమ్మా."

అతను చెప్పిన కష్టం నిజమే. ఆ ధర కోసమే ఊరంతా కాచుకుని ఉంది. కానీ గోడలు బీటలిస్తే ఆ కప్పు కింద పడుకునేది సుజాత పిల్లలు. ఫోను సంచిలో వేసుకున్నాను.

అప్పుడు అవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఇల్లు లేసినాక నేను కాయ యాడ కొట్టల్ల? ఆ పాప వంటింట్లోకి దూరల్లనా?"

గుంత అంచున నిలబడి చూస్తున్న సుజాత, "మాకీ ప్లాటు వద్దన్నా. వేరేదియ్యి, లేదంటే మా దుడ్లు మాకియ్యి" అంది.

సాయంత్రం దాకా వాదన నడిచింది. లేఅవుట్‌లో అందరి కోసం కొంత జాగా ఖాళీగా వదలాలి. దానికి ఓబులేసన్న బండ తేలిన మూలను పనికిరానిదని వదిలాడు. పునాదికి బండను మించిన నేల లేదని, ఆ మూలను సుజాతకిచ్చి బావి చోటును ఖాళీగా వదలమని చెప్పాను. ప్లాను మార్పుకు పై అధికారులకు రాస్తానన్నాను. గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఏ లేఅవుట్‌కు పోయినా, టేపు తీయకముందే ఆ చేలో ఆడవాళ్లు కాయ ఎక్కడ కొట్టేవాళ్లో అడిగేదాన్ని. ఇప్పటికీ కొత్త ఇంట్లో అడుగుపెడితే అరికాలితో గచ్చు నొక్కి చూస్తాను.

బావి బయటపడిన మరునాడు పొద్దున బడికి పోతూ పిల్లలు మళ్లీ ఆ మట్టి వైపే తిరిగారు. చేతులు పట్టి ఆపాను.

"ఆడ బాయి ఉండాది. అగుపడదు, అంతే. యాడైనా ఖాళీ జాగా చూస్తే, ముందు అదేందో అవ్వని అడగండి. ఆ తర్వాత ఎగరండి."