అలిగితే పిలిచే మనిషి

మా ఇంట్లో ఆఖరిదాన్ని నేను. అలగడం నా జన్మహక్కు. కంచం ముందు నుంచి లేచిపోయి గదిలో పడుకుంటే, "ఒక్క ముద్ద తిందువుగాని రావే, మా అమ్మ కదూ" అని అమ్మ వచ్చి బతిమాలాలి. అప్పుడుగాని నా మంకుపట్టు వదిలేది కాదు.

చదువుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వెళ్ళినా ఆ బుద్ధి పోలేదు. అమ్మ స్కైప్‌లో కనిపించేదే గాని, వచ్చి ముద్ద పెట్టలేదు కదా! ఫ్లాట్‌లో ముగ్గురం: నేను, అక్కడిదే అయిన ఒక కివీ అమ్మాయి, నాకన్నా పెద్దదైన ఒక జపాన్ అమ్మాయి. ఈవిణ్ణి అక్కా అనే పిలిచేదాన్ని. ఒక ఆదివారం వాళ్ళిద్దరూ నన్ను పిలవకుండా బీచ్‌కి వెళ్ళొచ్చారు. నేను తలుపేసుకుని పడుకున్నాను. కివీ అమ్మాయి తలుపు తట్టి, "బానే ఉన్నావా? తింటావా?" అంది. "ఆకలిగా లేదు" అన్నాను. "సరే అయితే" అని వెళ్ళి హాయిగా తినేసింది! వద్దంటే వద్దనే అనుకునే మనిషి మీద ఏమని అలుగుతాం? చలికీ, ఆకలికీ, ఉక్రోషానికీ ఏడుపొచ్చింది.

కాసేపటికి అక్క వేడన్నంలో గుడ్డు కలిపి తెచ్చింది. "వద్దు" అన్నాను. కదల్లేదు. మళ్ళీ వద్దన్నాను. చెంచా నా చేతిలో పెట్టి, "ఎవరో ఒకరు రావాలనేగా పడుకున్నావు?" అంది. దొరికిపోయాను.

ఇలాంటి గారానికి వాళ్ళ భాషలో ఒక మాట ఉందట, అమాయె. ఎదుటి మనిషి భరిస్తుందన్న ధీమాతో మారాం చేయడం. మన పని మనం చేసుకోగలిగీ, చేసిపెట్టమని అడగడం.

"నీకెవరున్నారక్కా అలా?" అన్నాను.

చిన్నప్పుడే అమ్మ పోయిందనీ, నాన్నను ఇబ్బంది పెట్టకూడదని అన్నీ తనే చేసుకోవడం నేర్చుకుందనీ చెప్పింది. "నాకు ఆ మాట తెలుసు, అంతే" అంది.

ఆ తర్వాత కూడా నేను అలుగుతూనే ఉన్నాను, అక్క పిలుస్తూనే ఉంది. తనకు జ్వరమొస్తే మాత్రం గ్లాసుడు నీళ్ళు అడగలేదు. నేనే తెచ్చిస్తే పదిసార్లు సారీ చెప్పింది.

చలికాలంలో వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చింది. చూసుకోవడానికి తను తప్ప ఎవరూ లేరు. అక్క ఇక తిరిగి రాదని మా ఇద్దరికీ తెలుసు. వెళ్ళే రోజు పొద్దున పెట్టె సర్దేసి, టాక్సీ కోసం చూస్తూ హీటర్ ముందు కూర్చుంది. ఉన్నట్టుండి దువ్వెన నా చేతికిచ్చి, అటు తిరిగి కూర్చుంది.

"జడ వెయ్యవూ? నాకు రాదు" అంది.

రోజూ తన జడ తనే వేసుకునేది. నాకూ ఎన్నోసార్లు వేసింది. అల్లాను. బాగా రాలేదని విప్పి మళ్ళీ అల్లాను. బయట టాక్సీ హారన్ కొట్టింది.

"ఇంకొక్కసారి" అంది.