గరిసెల గది కిటికీ

మెదక్ బజారులో ముప్పై ఏళ్లు తాళాలు బాగుచేసి బతికాడు యూనుస్. తలుపు తెరవమని పిలిచినవాడు ఇంటివాడో కాదో పక్కవాళ్లను అడిగి తేల్చుకున్నాకే పనిముట్ల సంచి విప్పేవాడు. అనుమానం అతనికి వృత్తితో పాటు అబ్బిన గుణం.

ఊరి చివర, కోటలాంటి పెద్ద ఇల్లైన దొరల గడిని, దొర మనుమడు శశిధర్ హోటల్‌గా మార్చినప్పుడు, తుప్పుపట్టిన తాళాలు తీయడానికి అతన్నే పిలిపించాడు. పని అయ్యాక గేటు కాపలాకు ఉండమన్నాడు. చూపు మందగిస్తోంది కాబట్టి యూనుస్ ఒప్పుకున్నాడు.

వచ్చేవాళ్లంతా చెక్క స్తంభాల దగ్గర ఫొటోలు దిగేవాళ్లే. కమలమ్మ ఒక్కతే వేరుగా అనిపించింది. డెబ్బై దాటిన మనిషి, కౌడిపల్లి నుంచి ఒంటరిగా వచ్చి, ఒకప్పుడు దొర పడుకున్న మేడగదే కావాలని అడిగి తీసుకుంది. ఒక్క ఫొటో తీయలేదు. భోజనం కాగానే వెనకవైపు వెళ్లింది. పాతకాలంలో వడ్లు నిల్వచేసిన గరిసెల గదిని ఇప్పుడు మీటింగ్ హాలు చేశారు. ఆ హాలు గోడలను వేళ్లతో కొట్టి, చెవి ఆనించి వింది.

గుప్తనిధుల కోసం పాత గడులు తవ్వే ముఠాల సంగతి యూనుస్ చాలాసార్లు విన్నాడు. నేరుగా శశిధర్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, గా ముసలామె గోడలు కొట్టి సూస్తున్నది. నాకైతే మస్తు డౌటుంది."

"గెస్టుతోని లొల్లెందుకు? జర కనిపెట్టుకోని ఉండు" అన్నాడు శశిధర్ ఫోన్ చూసుకుంటూనే.

మర్నాడు పొద్దున్నే కమలమ్మ ఆ హాల్లోనే దొరికింది. స్టీలు చెంచాతో గోడ మీది కొత్త సిమెంటు గీకుతోంది.

"ఏం తవ్వుతున్నరమ్మా? సంచి ఇటియ్యుండ్రి."

ఆమె సంచి అందించింది. ఒక చీర, బీపీ మాత్రలు, రెండు అరటిపళ్లు. యూనుస్ చీర మడతలు కూడా తడిమి చూశాడు.

"బంగారం అనుకున్నవా తమ్మీ?" అంది కమలమ్మ. "ఈడ కిటికీ ఉండెనంట. మా అమ్మ ఈ అర్రల వడ్లు దంచేది. వెట్టి పని. పొద్దుగూకేదాంక బయటికి పోనియ్యకపోతుండ్రి. మా అమ్మమ్మ నన్ను ఎత్తుకొచ్చి బయట నిలబడితే, ఊచల సందుల నుంచే పాలిచ్చిందట. గా ఊచలు ఒక్కసారి పట్టుకుందామని వచ్చిన."

తలుపులు తెరిపించుకోవడానికి ఇంతకన్నా జాలి కథలు చెప్పినవాళ్లను యూనుస్ చూశాడు. వెంటనే నమ్మలేదు. బయటికి వెళ్లి, పొదలు తప్పించి గోడ చూశాడు. రాతి చట్రం మధ్య కొత్త ఇటుకలు కనిపించాయి.

ఈలోపు శశిధర్ వచ్చాడు. సంగతి వినగానే అతని మొహం మాడిపోయింది. యూనుస్‌ను పక్కకు లాగాడు.

"ఆమె ఎనక ఎవలున్నరు? టీవీవాళ్లా? ముందుగాల రూము ఖాళీ చేపియ్యి."

"కిటికీ ఎందుకు మూపిచ్చిండ్రు సార్?"

"ఏసీ చల్లదనం పోతదని" అంటూ శశిధర్ అటు తిరిగాడు. నిన్నటినుంచీ ముసలామె మీద ఉన్న యూనుస్ అనుమానం ఇప్పుడు అతని మీదికి మళ్లింది.

శశిధర్ అటు వెళ్లగానే యూనుస్ సుత్తి, ఉలి తెచ్చాడు. ఇటుకలు ఒక్కొక్కటే రాలాయి. దగ్గరదగ్గరగా ఇనుప ఊచలు బయటపడ్డాయి. కమలమ్మ గోడ అవతలికి వెళ్లి రెండు చేతులా వాటిని పట్టుకుంది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన శశిధర్ అరుస్తున్నా వదల్లేదు.

"గింత సందులకెళ్లా..." అని మాత్రం అంది.

యూనుస్ ఉద్యోగం ఆ రోజే పోయింది. మళ్లీ బజారులో కూర్చున్నాడు. కొన్నాళ్లకు, కిటికీ మళ్లీ మూసేశారని గడిలో వంటచేసే జయానందం చెప్పాడు. ఆమెకు చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడి, చివరికి కౌడిపల్లి బస్సెక్కాడు.

కమలమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది.

"మూయనీ తమ్మీ, నేను పట్టుకున్న గదా" అంది.