రెండు పలకల మధ్య వెలుగు

గద్వాలలో మగ్గాలు చేసే వడ్రంగి తాత ఏ రెండు పలకలు దొరికినా అంచులు కలిపి, ఎండకెత్తి, ఒక కన్ను మూసి, మధ్యలోంచి వెలుగొస్తుందేమో చూసేవాడు. నా పెరటి షెడ్డుకు అంచులు సాపు చేసే రందా మిషన్ కొనడానికి ఆయన్నే వనపర్తి తీసుకెళ్లాను.

దుకాణదారు తళతళలాడే పెద్ద మిషన్ చూపించాడు. నాకు అదే నచ్చింది. తాత సంచిలోంచి రెండు టేకు పలకలు తీసి, దాని మీద అంచులకు రందా పట్టించి, రెండూ కలిపి గుమ్మంలో ఎండకెత్తాడు. సందులో వెలుగు కనిపించింది.

"గింత సందు బంకతోని నిండుతది తాతా" అన్నాడు దుకాణదారు.

"బంక కొననీకె రాలే బిడ్డా."

మూలన దుమ్ము పట్టిన పొడుగు బల్ల మిషన్ మీద అవే అంచులకు మళ్లీ రందా పట్టించి, ఈసారి పలకలు దుకాణదారు చేతికే ఇచ్చాడు. అతను ఎండకెత్తి, తెలియకుండానే ఒక కన్ను మూశాడు.

"సందులో చీకటే ఉన్నది తాతా."

"గిదే ఇయ్యి" అన్నాడు తాత, నన్ను అడగకుండానే.