వెనక్కి తిరిగిన కుర్చీ

మా ఆయన పెద్దాసుపత్రిలో చక్రాల కుర్చీ తోస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. అక్కడ అందరూ ఆయన్ని బండి బాబాయ్ అంటారు. ఎక్స్‌రే గది గుమ్మం దాకా తీసుకెళ్లాక నర్సమ్మ "ఇప్పుడు కాదు, వెనక్కి తిప్పు" అంటే తిప్పేస్తారు. కుర్చీలో ఉన్న మనిషిని అడగరు. అందరినీ అడుగుతూ కూర్చుంటే పని తెమలదంటారు. ఇంట్లో నేను ఒక్క పని చెబితే మాత్రం నాలుగు ప్రశ్నలు వేస్తారు, అది వేరే సంగతి.

ఎన్నికల రోజున నడవలేనివాళ్లను పోలింగుకు తీసుకెళ్లమని ఆయనకు కుర్చీ ఇచ్చి మా వీధి చివరి బడికే పంపారు. "మన వీధే కదా, హాయి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ముందురోజే నలుగురు మనుషులు ఇంటింటి ముందూ ఆగి, "రేపు ఎండ ఎక్కువట, ఇంట్లోనే ఉండండి" అని చెప్పిపోయారు. మా వీధి ఓట్లు వాళ్ల నాయకుడికి పడవని వాళ్లకు తెలుసు. తెల్లారాక చూస్తే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నేనూ గడియ పెట్టుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా వీధిలో టీచరమ్మ ఒక్కరే ఓటుకు తీసుకెళ్లమని కబురు పంపారు. తుంటి ఎముక విరిగి రెండేళ్లుగా మంచంలో ఉన్న మనిషి. మా అమ్మాయికి ఓనమాలు నేర్పింది ఆవిడే. ఓటు హక్కు వచ్చిన నాటి నుంచి ఒక్క ఓటూ మానలేదు. డాక్టర్లు చెప్పినదాన్ని బట్టి ఆవిడకు ఇదే ఆఖరిది.

"మీకెందుకు ఈ తలనొప్పి?" అన్నాను.

"ఓటు ఆవిడది, తోపుడు నాది. డ్యూటీయే కదా" అని నవ్వుతూ వెళ్లారు.

బడి గేటు దగ్గర ఆ నలుగురూ ఉన్నారు. ఎవడూ అడ్డం కూడా రాలేదట. ఒకడు ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఇప్పుడు కాదు, వెనక్కి తిప్పు" అన్నాడట. ఈయన తిప్పేశారు. భయపడి కాదు. నర్సమ్మ మాటకు తిప్పినట్టే తిప్పేశారు, అంతే. సగం దూరం వచ్చాకగానీ ఏం చేశారో ఆయనకు తెలియలేదు. అప్పుడు పట్టుకుంది భయం. మళ్లీ గేటు వైపు వెళ్లలేకపోయారు. దారంతా టీచరమ్మ నోరు మెదపలేదు. ఆవిణ్ణి ఇంట్లో దింపి వచ్చి, మా గుమ్మంలో కూలబడ్డారు. సాయంత్రం పోలింగ్ ముగిసేదాకా అక్కడి నుంచి లేవలేదు.

తిట్టడానికి నోరు తెరిచాను. మామూలుగా నాకు మాటలకు కరువుండదు. ఆ రోజు తిట్టకుండానే వంటింట్లోకి వెళ్లాను. ఏడుపూ రాలేదు, మనసంతా మొద్దుబారిపోయింది. కంచాలు పెట్టాను, ఇద్దరం తిన్నాం. ఏం తిన్నామో గుర్తులేదు.

గేటు దాకా వచ్చిన ఓటరు వెనక్కి వెళ్లారని తెలిసి, రెండు రోజులకు ఒక ఎన్నికల అధికారి విచారణకు వచ్చాడు.

"మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?"

"లేదండి."

"బెదిరించారా?"

"లేదండి. తిప్పమన్నారు, తిప్పాను."

"మరి ఆవిణ్ణి వెనక్కి తెచ్చిందెవరు?"

"నేనేనండి."

ఓటరు స్వయంగా వెనుదిరిగారని రాసుకుని, ఈయన చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ నలుగురి ఊసే ఆ కాగితంలో లేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం టీచరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఈయన మంచం పక్కన నిలబడి, "తప్పైపోయిందమ్మా" అన్నారు.

 ఆవిడ మెల్లగా ఇటు తిరిగారు. కోప్పడతారేమోనని చూశాను. మొహంలో ఏమీ లేదు.

"ఒక్క మాట నన్ను అడగాల్సింది నాయనా. లోపలికి పదమనేదాన్నో, భయపడి నేనే తిప్పెయ్యమనేదాన్నో నాకే తెలీదు. ఇంక తెలిసే దారి కూడా లేదు."